ఆరు పాటలు పట్టిన పెట్టె

కూరగాయల ఆటో మీద అరిచే గొంతు నుంచి ఐపాడ్ దాకా పాకిన ఒక చిప్పు కథ. అందులో మన హైదరాబాద్ రాత్రిళ్ళు కూడా ఉన్నాయి.

తెల్లవారుజాము నాలుగున్నర. బోయిన్‌పల్లి మార్కెట్ యార్డులో లారీల లైట్లు ఇంకా ఆరలేదు. టమాటా క్రేట్లు దించుతున్న హమాలీల కేకలు ఒకపక్క, బేరం తెగక గొంతు పెంచిన కమీషన్ ఏజెంట్లు ఇంకోపక్క. గేటు బయట ట్రాలీ ఆటోలు వరసగా ఆగి ఉన్నాయి. ఒకాయన ఉల్లిగడ్డ బస్తాలు సర్దుకుని, సీటు కింద నుంచి చిన్న యాంప్లిఫయర్ లాగి, దానికి పెన్‌డ్రైవ్ గుచ్చాడు. టాపు మీది హారన్ స్పీకరు గరగరలాడి, వందకు నాలుగు కిలోలంటూ ఓ ఆడగొంతు ఎత్తుకుంది. ఆయన గబుక్కున ఆపేశాడు. ఇవాళ ఆయనకు పడిన ధరకి వందకు మూడు కిలోలే ఇవ్వగలడు.

"అన్నా, మూడు కిలోలది ఉందా నీ దగ్గర?" అని పక్క ఆటో ఆయన్ని అడిగాడు.

"నా చిప్పుల ఉంది, ఎక్కించుకో. గని ఆ పెన్‌డ్రైవ్ మార్చరాదే, రేపో మాపో పోతది. కొత్తది కొందామంటే ఇప్పుడు రేటు పెరిగిందంట."

పెరిగిన మాట నిజమే. 2025 చివరి నెలల నుంచి మెమరీ చిప్పుల ధరలు ప్రపంచమంతటా ఎగబాకాయి. కృత్రిమ మేధ కోసం కడుతున్న డేటా సెంటర్లు దొరికిన చిప్పునల్లా ఊడ్చుకుపోతుంటే, ఫోన్లకీ ల్యాప్‌టాప్‌లకీ పెన్‌డ్రైవ్‌లకీ మిగిలేది తగ్గింది. అమెరికా కంపెనీ మైక్రాన్ 2025 డిసెంబరులో మామూలు జనానికి అమ్మే తన 'క్రూషియల్' వ్యాపారాన్నే ఎత్తేస్తున్నట్టు చెప్పేసింది. సరుకు లాభం ఉన్న చోటికే పోతుందని యార్డులో తిరిగేవాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు.

చిప్పు ధర వీధిలోకొచ్చి మాటగా మారడం ఇప్పుడు వింతగా ఉంది గానీ, పాట జేబులోకి దిగిన తొలిరోజుల్లో కథంతా ఈ ధర చుట్టూనే తిరిగింది. ఏ పెట్టెలో ఎన్ని పాటలుండాలో తేల్చింది సంగీత దర్శకులు కాదు, వినేవాళ్ళు కాదు. ఒక్కో ఎంబీకి ఎన్ని డాలర్లు పడుతుందన్న లెక్క.

తోషిబాలో ఒక మొండివాడు

క్యాసెట్‌కి రీలు తిరగాలి, సీడీకి పళ్ళెం తిరగాలి. ఏదీ తిరగకుండా, కరెంటు తీసేసినా చెరిగిపోకుండా పాట ఉండాలంటే, ఎలక్ట్రాన్లను ఎక్కడో బంధించాలి. 1967లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డావన్ కాంగ్, సైమన్ జీ అనే ఇద్దరు ఆ దారి చూపించారు. ట్రాన్సిస్టర్ లోపల, చుట్టూ కరెంటు పారని పొరతో మూసేసిన చిన్న గేటు పెట్టారు. అందులోకి నెట్టిన ఎలక్ట్రాన్లు ఏళ్ళ తరబడి అక్కడే ఉంటాయి. ఉన్నాయా లేవా అన్నదే సున్నాగా, ఒకటిగా చదవడం.

రాయడం వరకు బాగానే ఉంది, చెరపడమే తంటా. 1971లో ఇంటెల్‌లో డావ్ ఫ్రోమన్ చేసిన ఈప్రామ్ చిప్పును చెరపాలంటే ఊడబెరికి, పైనున్న గాజు కిటికీలోంచి అతినీలలోహిత కాంతి పట్టించాలి. తరవాత కరెంటుతోనే చెరిపే రకం వచ్చింది గానీ, అది ఒక్కో అక్షరాన్నీ విడివిడిగా చెరిపేది. అందుకు అదనపు ట్రాన్సిస్టర్లు కావాలి, దాంతో చిప్పు పెద్దదయ్యేది, ధరా అలాగే ఉండేది.

తోషిబాలో ఫుజియో మసువోకా దీన్ని తిరగేశాడు. ఒక్కొక్కటిగా చెరిపే సౌకర్యం వదులుకుంటే చిప్పు ఎంత చిన్నదవుతుంది? పలక మీద ఒక అక్షరం తప్పుపోయినా పలకంతా తుడిచి మళ్ళీ రాసుకోవడమే అన్నమాట. 1980లో పేటెంటుకు దరఖాస్తు చేసి, 1984లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన ఇంజినీర్ల సదస్సులో 'ఫ్లాష్' పేరుతో బయటపెట్టాడు. 1987లో ఇంకో అడుగు వేసి, గళ్ళను వరసగా ఒకదానికొకటి కలిపేసిన 'నాండ్' రకం చూపించాడు. ఇది మరీ చిన్నది, మరీ చవక. లోపాలు లేకపోలేదు. మధ్యలోంచి ఒక్క ముక్క కావాలన్నా పేజీ మొత్తం చదవాల్సిందే. ఫ్యాక్టరీ నుంచి వచ్చేటప్పుడే కొన్ని బ్లాకులు చెడిపోయి ఉంటాయి, వాటిని దాటుకుంటూ పోవాలి. కంప్యూటర్ ప్రోగ్రాములకు ఇదంతా ఇబ్బందే గానీ, పాటకు ఏ బాధా లేదు. పాట పల్లవి దగ్గర మొదలై వరసగా చివరిదాకా సాగేదే కదా.

అప్పట్లో తోషిబాకు అన్నం పెడుతున్నది కంప్యూటర్ల తాత్కాలిక మెమరీకి వాడే డీరామ్ చిప్పులు. ఫ్లాష్ మీద కంపెనీకి పెద్ద మోజు లేదు. మసువోకా 1994లో బయటికొచ్చి తొహోకు యూనివర్సిటీలో ప్రొఫెసరయ్యాడు. ఆ తరవాత లోకమంతా ఆయన చిప్పు మీద కోట్లు గడించడం చూసి, 2004లో పాత కంపెనీ మీద 100 కోట్ల యెన్లకు దావా వేశాడు. 2006లో 8.7 కోట్ల యెన్లకు రాజీ కుదిరింది. నా మట్టుకు నాకు, పాటల పెట్టెల చరిత్రలో అన్నిటికన్నా బాధ కలిగించే అంకె ఇదే.

> ■ 32 ఎంబీలో ఏం పడుతుంది?
> సీడీలో ఐదు నిమిషాల పాట 50 ఎంబీకి పైనే ఉంటుంది. అంటే తొలి ప్లేయర్లలో ఒక్క పాటకూ చోటు లేదు. ఆ పాటనే 128 కిలోబిట్ల ఎంపీ3గా నొక్కేస్తే 5 ఎంబీ లోపే. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ పరిశోధకులు చెవికి పట్టని ధ్వనులను ఏరి పారేసే ఈ పద్ధతిని తీర్చిదిద్దారు, 1995లో ఫైళ్ళకు '.ఎంపీ3' అన్న తోక తగిలించారు.
> లెక్క వేస్తే 32 ఎంబీలో ఆరు పాటలు నిండుగా పడతాయి. ఏడోదానికి చివరి చరణం కొస తెగుతుంది. కిలోబిట్లు సగానికి దించితే పదమూడు పాటలు, కానీ తాళాల మోత రేకుల చప్పుడై వినిపిస్తుంది.

పాటకన్నా ముందు మాట

1988లో ఇలీ హరారీ, జాక్ యువాన్, సంజయ్ మెహ్రోత్రా కలిసి కాలిఫోర్నియాలో 'సన్‌డిస్క్' పెట్టారు. మెహ్రోత్రా కాన్పూర్‌లో పుట్టి, పిలానీ బిట్స్‌లో మొదలుపెట్టిన చదువును బర్కిలీలో పూర్తిచేసినవాడు. 1995లో పేరు 'శాన్‌డిస్క్'గా మారింది. ఇవాళ మన పెన్‌డ్రైవ్‌ల మీద ఎర్రగా కనబడేది అదే. 1991లో వాళ్ళు ఐబీఎంకి అమ్మిన ఫ్లాష్ డ్రైవులో 20 ఎంబీ చోటుండేది, ధర దాదాపు వెయ్యి డాలర్లు. ఎంబీకి 50 డాలర్లన్నమాట. ఆ ధరకి ఆరు పాటల పెట్టె చేస్తే చిప్పుకే 1,600 డాలర్లవుతుంది. ఎవరు కొంటారు?

అందుకే జేబులోకి మొదట వచ్చింది పాట కాదు, మాట. డాన్ కాట్జ్ పెట్టిన ఆడిబుల్ సంస్థ తెచ్చిన ప్లేయర్‌లో 4 ఎంబీ మెమరీయే ఉండేది. అయినా రెండు గంటలపాటు పుస్తకం చదివి వినిపించేది. మనిషి గొంతుకు వాయిద్యాలంత చోటు అక్కర్లేదు. ఉల్లిగడ్డల ఆటోకి ఎంత చిన్న పెన్‌డ్రైవ్ అయినా సరిపోవడంలో కిటుకూ ఇదే.

ధర దిగుతూ దిగుతూ 1998కి పాట అందే ఎత్తుకొచ్చింది. ఆ ఏడాది దక్షిణ కొరియా కంపెనీ సేహాన్ 'ఎంపీమ్యాన్' తెచ్చింది. 32 ఎంబీ. సెప్టెంబరులో అమెరికాలో డైమండ్ మల్టీమీడియా 'రియో పీఎంపీ300' వచ్చింది. అదీ 32 ఎంబీయే, కాకపోతే పక్కన అదనపు కార్డు పెట్టుకునే సందు ఉంది. ఒక్క పెన్సిల్ సెల్లుతో గంటలకొద్దీ పాడేది. ధర 200 డాలర్లు. డాలరు 42 రూపాయల పైచిలుకు ఉన్న రోజులు కాబట్టి మన డబ్బుల్లో ఎనిమిది వేలు దాటింది. ఆరు పాటలకి! అదే డబ్బు పెడితే అప్పట్లో సికింద్రాబాద్‌లో వాక్‌మన్‌తో పాటు ఓ గోనెసంచీడు క్యాసెట్లు వచ్చేవి. జనం నవ్వారంటే నవ్వరా?

నవ్వనివాళ్ళు క్యాసెట్ల కంపెనీల వాళ్ళు. అమెరికా రికార్డింగ్ పరిశ్రమ సంఘం 1998 అక్టోబరులోనే రియో మీద కోర్టుకెక్కింది. మన దగ్గరుండే పాటను మనమే ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చుకుంటే తప్పేంటన్నది అవతలి వాదన. 1999 జూన్‌లో తొమ్మిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు రియో పక్షాన తీర్పిచ్చింది. ఆ తీర్పు వ్యతిరేకంగా వచ్చుంటే తరవాతి పెట్టెలకు ఎవరూ పెట్టుబడి పెట్టేవారు కారు.

హైదరాబాద్‌లో పగలు, కాలిఫోర్నియాలో రాత్రి

ఇక్కడే కథ మన ఊరికొస్తుంది. 1999లో సిలికాన్ వ్యాలీలో 'పోర్టల్‌ప్లేయర్' అనే చిన్న కంపెనీ పుట్టింది. ఫ్యాక్టరీ లేదు, సొంత బ్రాండు లేదు. పాటల పెట్టెలు చేసేవాళ్ళకు ప్రధానమైన చిప్పు, దాని మీద నడిచే సాఫ్ట్‌వేర్ అందివ్వడమే పని. దాని ఇంజినీరింగ్ కేంద్రం ఒకటి హైదరాబాద్‌లో ఉండేది. ఇక్కడి సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుకు డైరెక్టరుగా పనిచేసిన జె.ఎ. చౌదరి దానికి సారథిగా ఉండేవాడు.

2001లో ఐపాడ్ అనే పాటల పెట్టె చెయ్యడానికి ఆపిల్ వచ్చి తలుపు తట్టింది. ఫ్లాష్ ఇంకా ఖరీదే కాబట్టి ఆపిల్ దాన్ని పక్కనపెట్టి, తోషిబా చేసిన 1.8 అంగుళాల బుల్లి హార్డ్‌డిస్క్ తీసుకుంది. 5 జీబీ, వెయ్యి పాటలు. డిస్కు తిరుగుతూ ఉంటే బ్యాటరీ ఆరిపోతుంది గనక, కాసిన్ని పాటలు ముందే లాగి 32 ఎంబీ తాత్కాలిక మెమరీలో పెట్టుకుని, డిస్కును నిద్రపుచ్చేవాళ్ళు. ఎంపీమ్యాన్‌కి సర్వస్వమైన 32 ఎంబీ, ఐపాడ్‌లో ఊపిరి పీల్చుకునే చోటు మాత్రమే. మూడేళ్ళలో మారింది ఇంత.

పోర్టల్‌ప్లేయర్ మాజీ మేనేజరు బెన్ నాస్ 2004లో 'వైర్డ్' పత్రికకు చెప్పిన ప్రకారం, ఎనిమిది నెలలపాటు అమెరికాలో 200 మంది, ఇండియాలో 80 మంది ఇంజినీర్లు వేరే పని ముట్టుకోకుండా ఐపాడ్ మీదే పనిచేశారు. తొలి నమూనాల్లో బ్యాటరీ, స్విచ్చి ఆపేసినా సరే, మూడు గంటల్లో నీరుగారిపోయేదట. కాలిఫోర్నియాలో సాయంత్రం తేలిన తప్పు, ఇక్కడ తెల్లారేసరికి బల్ల మీద ఉండేది; ఇక్కడ చీకటి పడేసరికి దిద్దినది అక్కడికి చేరేది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమున్న ప్రతి తెలుగింటికీ ఈ పద్ధతి తెలుసు. రాత్రి పదకొండుకి ఫోన్ పట్టుకుని బాల్కనీలో పచార్లు చేసే అల్లుణ్ణి చూడని అత్తగారుందా?

2001 అక్టోబరు 23న ఆపిల్ ఐపాడ్‌ను ప్రకటించింది. దాని ఒంటి మీద ఎక్కడా హైదరాబాద్ ఊసు లేదు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద 'జావా', 'ఒరాకిల్' మెరుస్తున్న కాలంలో, ప్రపంచమంతా చెవికి తగిలించుకోబోతున్న పెట్టె పని ఈ ఊళ్ళోనే జరిగిందని ఊరికి తెలియలేదు. ఇప్పటికీ తెలిసినవాళ్ళు కొద్దిమందే. హైటెక్ సిటీ గురించి మనం చెప్పుకునే గొప్పల్లో దీనికి చోటు దొరక్కపోవడం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

చిప్పు తిరగబడింది

పోర్టల్‌ప్లేయర్‌కు 2004 నవంబరులో అమెరికా స్టాక్ మార్కెట్లో అడుగుపెట్టేంత కలిసొచ్చింది. రాబడిలో సింహభాగం ఒక్క ఆపిల్ నుంచే. ఒకే లారీవాడికి పంటంతా అమ్మే రైతుకి ఉండే భయం వాళ్ళకూ ఉండాల్సిందే.

అంతలో ఫ్లాష్ ధర పడిపోతూ వచ్చింది. 2005 జనవరిలో 99 డాలర్లకు 512 ఎంబీ ఐపాడ్ షఫుల్, సెప్టెంబరులో ఐపాడ్ నానో. నానోలో తిరిగేదేదీ లేదు, అంతా నాండ్ ఫ్లాషే. ఆ మొదటి నానోలో ఉన్నది పోర్టల్‌ప్లేయర్ చిప్పే. నవంబరులో ఆపిల్ తన బలం చూపింది. హైనిక్స్, ఇంటెల్, మైక్రాన్, శామ్‌సంగ్, తోషిబాలకు 2010 దాకా ఫ్లాష్ సరఫరా కోసం 125 కోట్ల డాలర్లు ముందే కట్టేస్తానంది. తోటలో పూత రాకముందే మామిడికి బయానా ఇచ్చే వ్యాపారం బోయిన్‌పల్లిలో కొత్తేం కాదు గానీ, చిప్పుల లోకం అంత పెద్ద బయానా అంతకుముందు చూసి ఉండదు.

2006 ఏప్రిల్‌లో పిడుగు పడింది. రాబోయే ఫ్లాష్ ఐపాడ్‌లకు తమ కొత్త చిప్పును ఆపిల్ ఎంచుకోలేదని పోర్టల్‌ప్లేయర్ ప్రకటించింది. తరవాతి నానోలో శామ్‌సంగ్ చిప్పు వచ్చింది. షేరు కుప్పకూలింది. అదే ఏడాది నవంబరులో దాదాపు 35.7 కోట్ల డాలర్లకు కొనడానికి ఎన్విడియా ముందుకొచ్చింది, 2007 జనవరిలో కొనుగోలు పూర్తయింది. హైదరాబాద్ కేంద్రం ఎన్విడియా బోర్డు కిందికి వెళ్ళింది. ఆ సాంకేతికత ఎన్విడియా 'టెగ్రా' చిప్పుల్లో కలిసింది. 2009లో మైక్రోసాఫ్ట్ తెచ్చిన జూన్ హెచ్‌డీ పాటల పెట్టెలో నడిచింది టెగ్రాయే.

ఇవాళ అదే ఎన్విడియా చిప్పులు కృత్రిమ మేధ సర్వర్లకు గుండెకాయలు. వాటి పక్కన పేర్చడానికే మెమరీ అంతా పోతోంది. మెమరీ చేసే మైక్రాన్‌కు 2017 నుంచి అధిపతి ఎవరనుకున్నారు? 1988లో సన్‌డిస్క్ పెట్టిన ముగ్గురిలో ఒకరైన మెహ్రోత్రాయే. మైక్రాన్‌కు 2019లో తెరిచిన పెద్ద కేంద్రం హైదరాబాద్‌లోనే ఉంది. కథలో మనుషులు పెద్దగా మారలేదు, సరుకు పోయే చోటే మారింది.

> ■ ఒక గడిలో ఎన్ని?
> తొలినాటి ఫ్లాష్‌లో ఒక్కో గడి ఒకే బిట్‌ను దాచేది. అలాంటి చిప్పును లక్షసార్లు చెరిపి రాయొచ్చని తయారీదారులు హామీ ఇచ్చేవాళ్ళు. చోటు పెంచడానికి, ధర దించడానికి గడికి రెండు, మూడు, నాలుగు బిట్లు కుక్కుతూ వచ్చారు. కుక్కినకొద్దీ ఆయుష్షు తగ్గింది. ఇప్పటి చవక రకాలకు వందల్లోనో, కొద్ది వేలల్లోనో హామీ. రాతకు ఓర్చుకోవడంలో 1998 నాటి 32 ఎంబీ చిప్పే గట్టిది.

ప్యారడైజ్ దాటితే పాటల దుకాణం

అమెరికా కథలో ఆపిల్ ఎంత ముఖ్యమో, మన కథలో అంత ముఖ్యం కాదు. బోయిన్‌పల్లి నుంచి తాడ్‌బండ్ మీదుగా ప్యారడైజ్ దాటితే పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. జనం నోట్లో సీటీసీ. కంప్యూటర్ సామానుకి జంటనగరాల పెద్ద అంగడి. రెండువేల తొలి ఏళ్ళలో అగ్గిపెట్టెంత చైనా ఎంపీ3 ప్లేయర్లు అక్కడ పేరు లేకుండానే అమ్ముడయ్యేవి. ఐపాడ్ కొనలేని డిగ్రీ కుర్రాళ్ళ మెడల్లో తాళ్ళకు వేలాడేవి.

అసలు మలుపు ఫోన్లో వచ్చింది. శాన్‌డిస్క్ 2004లో తెచ్చిన వేలిగోరంత కార్డు మరుసటేడు మైక్రోఎస్డీగా స్థిరపడింది. మనవాళ్ళు దాన్ని చిప్పు అన్నారు. రీఛార్జి దుకాణంలో ఓ పాత కంప్యూటరు, ఓ కార్డ్ రీడరు పెట్టుకున్న కుర్రాడు ఊరికి సంగీత భాండాగారం అయిపోయాడు. "అన్నా, ఘంటసాలవి, చిరంజీవి డాన్సు పాటలు, అయ్యప్పవి కొన్ని. మా బావకి బతుకమ్మ పాటలు గూడ కావాలంట" అంటే చాలు. పదో ఇరవయ్యో తీసుకుని చిప్పు నింపేవాడు. కాపీరైటు చట్టం ప్రకారం అది దొంగతనమే, పాటలు కట్టినవాళ్ళకు పైసా దక్కలేదు. ఆ కుర్రాడి వల్లే మార్కెట్లో కనబడకుండా పోయిన పాత పాటలు పల్లెల్లో బతికాయన్నదీ అంతే నిజం. ఈ రెంటినీ కలిపి తీర్పు చెప్పమంటే నేను చెప్పలేను.

2016 తరవాత చవక డేటా ఆ దుకాణాల్ని తుడిచిపెట్టింది. అయినా చిప్పు పోలేదు. 2017లో సారెగామా 'కారవాన్' పేరుతో ఐదువేల పాత హిందీ పాటలు నింపిన రేడియోలాంటి పెట్టె తెచ్చింది, తెలుగు పాటలదీ వచ్చింది. యాప్‌లతో కుస్తీ పట్టలేని పెద్దవాళ్ళకు పిల్లలు కొనిచ్చే కానుక అది. చెత్తబండి పాట, పాత సామాన్ల బండి పిలుపు, దసరా మండపంలో తెల్లవార్లూ మోగే స్తోత్రాలు, అన్నీ ఫ్లాష్ చిప్పుల్లోంచే. నెట్‌వర్క్ అందకపోయినా ఆగవు, మధ్యలో ప్రకటనలు రావు.

ఎక్కించిన పాట ఎన్నాళ్ళు?

ఆటోలో పెన్‌డ్రైవ్ ఎందుకు పోతుంది? ఊరికే చదివినంత మాత్రాన చిప్పు పెద్దగా అరగదు. ఆటోవాళ్ళ పెన్‌డ్రైవ్‌లను చంపేది కుదుపులకు వదులయ్యే కనెక్టరు, మే నెల ఎండలో సీటు కింద కాగే వేడి. బంధించిన ఎలక్ట్రాన్లు వేడికి త్వరగా జారిపోతాయి.

ఇంట్లో బీరువా అడుగున పడున్న పాత ప్లేయర్ల సంగతి వేరు. తొలి ఫ్లాష్ చిప్పులకు తయారీదారులు సాధారణంగా పదేళ్ళ హామీ రాసేవాళ్ళు. ఆ గడువు దాటగానే పాట మాయమైపోదు గానీ, జారడం మొదలైన గడుల్లోని బిట్లు తప్పు చదువుకుని, పాట నడుమ గీకినట్టు చప్పుడొస్తుంది, లేదంటే ఫైలే తెరుచుకోదు. ఆ పెట్టెల్లో చాలావాటికి వాయిస్ రికార్డరు కూడా ఉండేది. పాటలు మళ్ళీ దొరుకుతాయి. పోయిన తాతయ్య పండక్కి అందరినీ పేరుపేరునా పిలుస్తూ మాట్లాడిన రెండు నిమిషాలు ఇంకెక్కడా దొరకవు.

కాబట్టి అలాంటిదేమైనా ఉంటే ముందు సెల్లు తీసెయ్యండి. కారిన సెల్లు చిప్పుకన్నా ముందు పెట్టెను తినేస్తుంది. కొత్త సెల్లేసి చూసి, యూఎస్‌బీ వైరుతో కంప్యూటరుకి కలిపి, లోపలున్నవి కనీసం రెండు చోట్ల కాపీ చేసి పెట్టుకోండి. ఫైళ్ళు కనబడకపోతే ఫార్మాట్ చెయ్యమని కంప్యూటర్ అడుగుతుంది, చెయ్యొద్దు. డేటా రికవరీ చేసేవాళ్ళకు చూపించండి. ఎవరింట్లోనైనా 1998 నాటి రియో ఉంటే ఇంకో చిక్కుంది. దానికి యూఎస్‌బీ లేదు, పాత ప్రింటర్లకు వాడిన ప్యారలల్ పోర్టు కావాలి. అది ఉన్న కంప్యూటరు కోసం సీటీసీలో పాత సామాను అమ్మేవాళ్ళను అడగాల్సిందే.